రాజీనామా తర్వాతి ఒకటో తారీఖు

మా మరిది విశాఖలో రుషికొండ ఐటీ కొండ మీద ఆరేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఒక ఆదివారం సాయంత్రం తెన్నేటి పార్కులో పిల్లలు ఆడుకుంటుంటే నా పక్కన కూర్చుని, "వదినా, ఒకసారి ఇది చదువు" అని ఫోన్ చేతికిచ్చాడు. రాజీనామా మెయిల్. నాలుగు లైన్లు. ఇంకా పంపలేదు, డ్రాఫ్టులోనే ఉంది. ముందురోజు రాత్రి ఒంటిగంట దాటాక ఒక సినిమా చూసి, నిద్ర పట్టక లేచి టైప్ చేశాడట.

"ఏ సినిమా చూశావు?" అని అడిగాను. మేనేజర్ ఎలాంటివాడు, వేరే ఆఫర్ ఉందా అని అడుగుతాననుకున్నాడేమో, వింతగా చూశాడు. కానీ నేను ముందు అడగాల్సింది అదే. నేనూ అలాగే ఒక సినిమా చూసి ఉద్యోగం మానేసినదాన్ని.

పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళు చేశాను. తెల్లారకుండానే ఎన్‌ఏడీ కొత్తరోడ్డులో కంపెనీ బస్సెక్కేదాన్ని. మందు శాంపిల్‌ని పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ ముందు కూర్చుని, గ్రాఫులో రావాల్సిన పీకు రావాల్సిన నిమిషంలో వచ్చిందో లేదో చూసి, ప్రింటు తీసి సంతకం పెట్టాలి. మళ్ళీ ఇంకో శాంపిల్, ఇంకో సంతకం. ఆ రోజుల్లో బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 'తమాషా' మూడు రోజులు ముక్కలు ముక్కలుగా చూశాను. మూడోరోజు గాజువాక వచ్చేసరికి సినిమా అయిపోయింది. నెల తిరక్కుండా కాగితం ఇచ్చేశాను.

నోటీసు పీరియడ్ అయ్యాక వచ్చిన మొదటి ఒకటో తారీఖు నాకు బాగా గుర్తు. వంటింట్లో ఉన్నాను. ఫోన్ టింగుమంది. తొమ్మిదేళ్ళ అలవాటు, జీతం పడిందనుకుని తడిచేతులతోనే తీసి చూశాను. ఇంటి లోను ఈఎంఐ కట్ అయిన మెసేజ్. పైకీ కిందకీ జరిపి చూశాను, జీతం మెసేజ్ ఎక్కడా లేదు. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. నేను చూసిన సినిమాలో హీరోకి ఆ మెసేజ్ రాలేదు.

అప్పటి నుంచి ఈ తరహా సినిమా గానీ సిరీస్ గానీ చూస్తే నేను ఒకటి గమనిస్తాను. చేసే పని మీద మనసు విరిగిపోయి, తానెవరో వెతుక్కోవడానికి బయల్దేరిన మనిషి ఇంట్లో ఒకటో తారీఖున ఏం జరుగుతుందో ఈ కథ చూపిస్తోందా, దాటేస్తోందా? చూపించేవే గొప్పవని నేననను. దాటేసేవాటిలోనూ మనల్ని నిద్రలేపేవి ఉన్నాయి. కాకపోతే ఎవరు ఏది చూడాలి, ఎప్పుడు చూడాలి అన్నది వేరు. రేటింగు చూసి ఎంచుకుంటే ఇక్కడ పనికిరాదు. తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకే మాత్ర వేసుకోం కదా. ముందు మీ విసుగు ఏ రకమో చూసుకోండి.

మా మరిదిది మొదటి రకం. జీతం బాగానే ఉంది, ఎవరూ తిట్టడం లేదు, అయినా పొద్దున్న అద్దంలో కనిపించే మనిషి తను కాదనిపిస్తోంది. తను చూసింది కూడా 'తమాషా'యే. దానికి జోడీగా 'ఎవడే సుబ్రమణ్యం' పెట్టుకోవచ్చు, రెండూ 2015లోనే వచ్చాయి. ఇంతియాజ్ అలీ తీసిన 'తమాషా'లో వేద్ ప్రొడక్ట్ మేనేజర్. చిన్నప్పుడు కథల పిచ్చి. పెద్దయ్యాక టై కట్టుకుని, అదే టైముకి అదే దారిలో వెళ్ళి అదే నవ్వు నవ్వే మనిషైపోయాడు. కోర్సికా ద్వీపంలో, పేరు కూడా చెప్పకుండా, కలిసిన అమ్మాయికి మాత్రం అతని అసలు మనిషి తెలుసు. నన్ను పట్టుకున్న సీను అయితే హీరోది కూడా కాదు, ఆటో డ్రైవర్‌ది. పాటగాడు కావాలనుకుని ఆటో నడుపుతున్న మనిషి, నడుపుతూనే తన లోపలి పాటకి ఊగిపోతాడు. మన బస్సులో డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని అది చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

'ఎవడే సుబ్రమణ్యం' నాగ్ అశ్విన్ మొదటి సినిమా. నాని వేసిన సుబ్బు విసిగిపోయినవాడు కాదు, ఇక్కడ అదే తేడా. వాడికి ఉద్యోగం ఇష్టం, ఎదగడం ఇష్టం, బాస్ కూతురితో పెళ్ళి కూడా ఆ మెట్లలో ఒకటే. చిన్ననాటి స్నేహితుడి కారణంగా హిమాలయాల్లో దూద్‌కాశీ దాకా నడవాల్సి వస్తుంది. కాబట్టి 'నేను బాగానే ఉన్నాను, ఇంట్లోవాళ్ళే ఏదో అంటున్నారు' అనుకునేవాళ్ళకి ఇది. ఎందుకో తెలియని వెలితి ఉన్నవాళ్ళకి 'తమాషా'. పిల్లలతో, అత్తమామలతో కలిసి హాల్లో కూర్చుని చూడాలంటే మాత్రం సుబ్రమణ్యమే నయం.

రెండింటిలోనూ ఒకటో తారీఖు లేదు. వేద్ ఉద్యోగం పోవడానికీ, స్టేజీ మీద చప్పట్లకీ మధ్య ఇంటద్దె ఎవరు కట్టారో మనకి తెలియదు. కొండలెక్కి వచ్చిన సుబ్బు బ్యాంకు ఖాతా సంగతీ అంతే. అందుకే డ్రాఫ్టులో మెయిల్ ఉన్నవాళ్ళు ఈ రెండూ రాత్రిపూట చూడొద్దని నా మాట. ఆదివారం పొద్దున్న, టిఫిన్ చేశాక, పక్కన మనిషి ఉన్నప్పుడు చూడండి.

ఇదే రకంలో మూడోది ఒకటుంది, ప్రమోషన్లు వస్తున్నవాళ్ళకి. సత్యజిత్ రాయ్ 'సీమాబద్ధ', 1971, బెంగాలీ. శ్యామలేందు కలకత్తాలో ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో సేల్స్ మేనేజర్. మంచివాడు, నవ్వు మొహం. విదేశాలకి పంపాల్సిన ఫ్యాన్లలో లోపం బయటపడుతుంది. ఆలస్యానికి జరిమానా పడకుండా ఉండాలంటే ఫ్యాక్టరీలో గొడవ జరగాలి, మూతపడాలి. ఆ గొడవ పుట్టించే ఆలోచన ఇతనిదే. దానికి బహుమానంగా డైరెక్టర్ అవుతాడు. ఆ రోజు ఇంటికొస్తే బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యదు. అన్ని అంతస్తులూ మెట్లెక్కి, చెమటలు కక్కుతూ పైకొస్తాడు. అతన్ని చిన్నప్పటి నుంచి అభిమానించిన మరదలు అతనిచ్చిన వాచీ తీసి ఎదురుగా పెట్టేస్తుంది. ఒక్క మాట అనదు. ఉద్యోగం మానమని ఈ సినిమా ఎక్కడా చెప్పదు. ఆ ఉద్యోగంలో తను ఏమైపోయాడో చూపించి ఊరుకుంటుంది. ల్యాబ్‌లో సంతకాలు పెట్టినదాన్ని కాబట్టి నాకు ఇది మిగతా రెండింటికన్నా లోతుగా దిగింది. సంతకం అంటే ఏమిటో నాకు తెలుసు.

ఇంకో రకం విసుగు ఉంది. ఒకప్పుడు మీకు ఒకటి బాగా వచ్చు, దాన్ని వదిలేశారు, ఇప్పుడు చేసేదేదీ దానికి సాటి రావడం లేదు. దీనికి 'జెర్సీ' కన్నా మంచి సినిమా తెలుగులో నాకు కనబడలేదు. గౌతమ్ తిన్ననూరి దర్శకత్వం, 2019. అర్జున్ ఇరవయ్యారేళ్ళకే క్రికెట్ వదిలేశాడు. తర్వాత వచ్చిన గవర్నమెంటు ఉద్యోగం కూడా చేతిలో లేదు. ఇంట్లో పడుకుని ఉంటాడు. భార్య సారా హోటల్లో ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంది. కొడుకు పుట్టినరోజుకి ఇండియా టీము జెర్సీ అడుగుతాడు. ఐదువందల రూపాయలు. సినిమా సగం ఆ ఐదువందల చుట్టూనే తిరుగుతుంది.

ముప్పయ్యారేళ్ళ మనిషి మళ్ళీ బ్యాటు పట్టడం అందరికీ గుర్తుంటుంది. రైలు వెళ్తుంటే ఆ మోతలో గొంతు చించుకుని అరిచే సీను అయితే చెప్పక్కర్లేదు, థియేటర్లో నా ముందు వరసలో కూర్చున్న పెద్దాయన లేచి నిలబడిపోయారు. కానీ నాకు అంతకన్నా గుర్తున్నది భార్య పర్సు. ఆ ఐదువందల కోసం అర్జున్ అందులో చెయ్యి పెట్టి, దొరికిపోతాడు. ఒకటో తారీఖు సినిమాలో కనబడటం అంటే అదే. డబ్బు లేకపోవడం అంటే గొప్ప డైలాగులు కాదు, మనం ఎంతో ప్రేమించే మనిషి పర్సు జిప్పు చప్పుడు కాకుండా తెరవడం. సారాని కొందరు గయ్యాళి అన్నారు. నేనొప్పుకోను. ఆమె కోపంలో లెక్క ఉంది. నెల నెలా ఆ లెక్క సరిపెడుతున్నది ఆమె కదా.

అందుకే 'జెర్సీ' భార్యాభర్తలు కలిసి చూడాల్సిన సినిమా. ఒక్కళ్ళే చూసి, "చూశావా, అర్జున్‌లా నేనూ మళ్ళీ మొదలుపెడతాను" అని ఇంట్లో ప్రకటిస్తే ఆ ఇంట్లో సారా ఎవరో కూడా ఆలోచించాలి. ఇదే దర్శకుడు 2022లో షాహిద్ కపూర్‌తో హిందీలో కూడా తీశారు. రెండూ చూసినదాన్ని, తెలుగే చూడండి. ఇదే బాధకి 1983 నాటి 'సాగర సంగమం' కూడా ఉంది గానీ, అందులో బాలు తాగుడుకి బానిసైపోయిన తీరు చూస్తే, ఇప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్ళకి మరీ బరువవుతుంది. కాస్త తేరుకున్నాక చూడండి.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ 'స్వర్ణకమలం'. కె. విశ్వనాథ్, 1988. ఇది వదిలేసిన కళ కాదు, నెత్తిన పెట్టిన కళ. మీనాక్షి తండ్రి పెద్ద కూచిపూడి విద్వాంసుడు. పిల్లకి నాట్యం వచ్చు, బాగా వచ్చు, కానీ ఇష్టం లేదు. ఆమెకి కావాల్సింది హాయిగా బతికే జీవితం, చేతికందే జీతం. ఎందుకంటే ఆ నాట్యంతో ఇల్లెలా గడిచిందో పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉంది. మిగతా కథల్లో ఒకటో తారీఖు ప్రశ్న మనం అడగాలి. ఇక్కడ హీరోయినే అడుగుతుంది, అది కూడా నవ్వుతూ, పాటల్లో అడుగుతుంది. సినిమా చివరికి నాట్యం వైపే మొగ్గుతుంది, అందులో దాపరికం లేదు. కానీ మీనాక్షిని మాట్లాడనిచ్చింది. భానుప్రియ మొహంలో ఆ విసుగు ఎంత అందంగా, ఎంత న్యాయంగా ఉంటుందో చూడండి.

నాన్న ప్రాక్టీసు, తాత పేరు, కుటుంబం నడిపిస్తున్న కొట్టు మీద కూర్చోబెట్టబోతున్న పిల్లలకి ఇది చూపించండి. నా దగ్గరికి ఇంటర్ కెమిస్ట్రీ ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో అలాంటివాళ్ళు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళకన్నా ముందు వాళ్ళ నాన్నలు చూస్తే ఇంకా మంచిది. ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఈ పాటలు రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు మన అనకాపల్లిలో చదువుకున్నవారే. టెలిఫోన్స్‌లో ఉద్యోగం చేస్తూ కవిత్వం రాసుకున్నారు. 1986లో 'సిరివెన్నెల' సినిమాకి పాటలు రాశాక ఆ పేరే ఇంటిపేరైపోయింది. కళ కావాలా జీతం కావాలా అన్న గొడవ మీద పాట కట్టడానికి అంతకన్నా తగినవారు ఎవరుంటారు?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఉద్యోగమో, కళో చేతిలో ఉన్నవాళ్ళ బాధలు. అసలు ఉద్యోగమే లేనివాళ్ళ సంగతి వేరు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఏ మధ్యాహ్నమైనా చూడండి, గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న కుర్రాళ్ళు కనబడతారు. ఇంటి నుంచి ఫోనొస్తే బయటికెళ్ళి మెల్లగా మాట్లాడి వస్తారు. వాళ్ళకి 'తమాషా' చూడమని చెప్పడం తప్పు. వాళ్ళకి 2021లో వచ్చిన 'ఆస్పిరెంట్స్' చెప్తాను. ఢిల్లీ రాజేందర్ నగర్‌లో సివిల్స్‌కి చదివేవాళ్ళ కథ, మొదటి సీజన్ ఐదే ఎపిసోడ్లు. అటెంప్టులు అయిపోయిన సందీప్ భయ్యా కోసమైనా చూడాలి. అనుకున్నది రాకపోయినా, వేరే పరీక్ష రాసి, వేరే ఆఫీసులో అంతే నిలువుగా కూర్చున్న మనిషి అతను.

అదే బల్ల మీద 'ఆకలి రాజ్యం' కూడా ఉంచాలి. కె. బాలచందర్, 1981. కమల్ హాసన్ వేసిన రంగా ఢిల్లీలో ఉద్యోగం కోసం తిరుగుతుంటాడు, నోటి నిండా శ్రీశ్రీ కవిత్వం. ఆ శ్రీశ్రీ పుట్టింది మన విశాఖలోనే కాబట్టి ఈ ఊళ్ళో కూర్చుని చూస్తే ఇంకోలా తగులుతుంది. ఇంట్లో తినడానికేమీ లేకపోయినా తింటున్నట్టు నటించే సీను మీకు నవ్వు తెప్పిస్తూ గొంతులో అడ్డం పడుతుంది. చివరికి రంగా మంగలి షాపులో పని పట్టుకుంటాడు. సంప్రదాయం గల తండ్రి అది కళ్ళారా చూస్తాడు. చదువుకి తగ్గ ఉద్యోగం, ఇంటిపేరుకి తగ్గ ఉద్యోగం అన్న రెండు సంకెళ్ళూ అక్కడ ఒకేసారి తెగుతాయి. నలభై ఏళ్ళు దాటింది, ఆ సీనులో ఒక్క మాట పాతబడలేదు. కానీ కోపంతో నిండిన సినిమా. రేపు పరీక్ష పెట్టుకుని ఈ రాత్రి చూడొద్దు.

కోపం వద్దు, కాసేపు తేలిగ్గా ఊపిరి పీల్చుకోవాలి అంటే హిందీ సిరీస్ 'పంచాయత్'. అభిషేక్ ఇంజనీరింగ్ చదివి, వేరే దారి లేక యూపీలో ఫులేరా అనే పల్లెలో పంచాయతీ సెక్రటరీగా చేరతాడు. జీతం ఇరవై వేలు. ఆఫీసు గదిలోనే మంచం, రాత్రిపూట ఎంబీఏ ప్రవేశపరీక్షకి చదువు. ఇష్టపడి చక్రాల మీద తిరిగే ఆఫీసు కుర్చీ ఒకటి కొనుక్కుంటే ఊళ్ళో పెళ్ళికొచ్చిన పెళ్ళికొడుకు కన్ను దాని మీద పడుతుంది. అంత చిన్న విషయంలో ఆ కుర్రాడి పరువంతా ఎలా ఇరుక్కుందో చూస్తే సచివాలయాల్లో చేరిన మన బీటెక్ పిల్లలు గుర్తొస్తారు. 2025లో తెలుగులో 'సివరపల్లి' పేరుతో ఇదే కథ తెలంగాణ పల్లెకి తెచ్చారు, రాగ్ మయూర్ బాగా చేశాడు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని హిందీలో చూడగలిగితే మూలమే చూడండి, దాని నెమ్మది వేరు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా కూర్చుంటారంటే 'సివరపల్లి' పెట్టండి. రెండూ ప్రైమ్‌లోనే ఉన్నాయి.

స్టార్టప్ పెడదామనుకునేవాళ్ళు ఎలాగూ 'పిచర్స్' చూసే ఉంటారు. 2015 నాటిది, మొదటి సీజన్ ఐదు ఎపిసోడ్లు. రాజీనామా మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోతుంది, అది మంచిదే, మిగతా కథంతా ఆ తర్వాతిదే కదా. నవీన్ కన్నా జీతూని గమనించండి. పెళ్ళయినవాడు, మానడం అతనికి అంత తేలిక కాదు.

ఇక అసలు పెద్ద గుంపు మనది. మానలేనివాళ్ళం. ఈఎంఐ ఉంది, పిల్లల ఫీజులున్నాయి, అమ్మానాన్నల మందులున్నాయి. రేపు పొద్దున్న మళ్ళీ బస్సెక్కాలి. మనకోసం తెలుగులో, హిందీలో తక్కువే వచ్చాయి, కొరియా వాళ్ళు మాత్రం బాగా తీశారు. రెండు చెప్తాను, రెండూ పెద్దవే. 2014 నాటి 'మిసేంగ్' 20 ఎపిసోడ్లు, 2022 నాటి 'మై లిబరేషన్ నోట్స్' 16. ఒక్కో ఎపిసోడ్ గంట పైనే.

'మిసేంగ్' అన్నది బదుక్ అనే, నలుపు తెలుపు కాయలతో బల్ల మీద ఆడే ఆటలో మాట. ఇంకా బతికినట్టూ కాదు, చచ్చినట్టూ కాదు, అలా మధ్యలో ఉన్న కాయలు. జాంగ్ గురే చిన్నప్పటి నుంచి ఆ ఆటలో ప్రొఫెషనల్ అవ్వాలని పెరిగి, కాలేకపోయాడు. పెద్ద చదువు లేదు. తెలిసినవాళ్ళ మాట సాయంతో ఒక పెద్ద ట్రేడింగ్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరతాడు. జెరాక్స్ తీయడం కూడా సరిగ్గా రాదు. పైనున్న ఓ సాంగ్‌షిక్ మొదట్లో వీడిని చూడటానికే ఇష్టపడడు, తర్వాత "మన పిల్లాడు" అంటాడు. ఆ ఒక్క మాట విన్నాక గురే మొహం చూడాలి. ఎంత బాగా పనిచేసినా గురే కాంట్రాక్టు మనిషే. అతన్ని పర్మనెంటు చేస్తారా లేదా అన్నదే కథకి వెన్నెముక. పర్మనెంటా, కాంట్రాక్టా అన్న మాటకి గాజువాకలో, మల్కాపురంలో ఎంత బరువుందో నేను వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళి సంబంధాల్లో ముందు అడిగేదే అది. తోటి ఉద్యోగి ఆన్ యంగ్-యీకి ఆడపిల్ల అని టీములో ఎదురయ్యేవి చూస్తే మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు గుర్తొచ్చి రెండుసార్లు ఆపేశాను. ఇందులో ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒకటో తారీఖు ఉంది.

'మై లిబరేషన్ నోట్స్' వేరే తరహా. సియోల్‌కి దూరంగా ఒక పల్లెలో ముగ్గురు అక్కాతమ్ముళ్ళు. చీకటితో లేచి సిటీకి, చీకటిపడ్డాక ఇంటికి. తగరపువలస నుంచో అనకాపల్లి నుంచో రోజూ వచ్చిపోయేవాళ్ళు దీన్ని మనదే అంటారు. చిన్నమ్మాయి మీజాంగ్ ఆఫీసులో తను వేసిన డిజైన్ నిండా ఎర్రపెన్ను గీతలు పడతాయి. ఉద్యోగులంతా ఏదో ఒక క్లబ్బులో చేరాల్సిందేనని ఆఫీసు పట్టుబడితే, ఏ క్లబ్బూ ఇష్టం లేని ముగ్గురు కలిసి 'విముక్తి క్లబ్బు' పెట్టుకుంటారు. ఓదార్చకూడదు, సలహాలివ్వకూడదు, ఎవరి మాట వాళ్ళు చెప్పుకోవాలి, మిగతావాళ్ళు వినాలి. మొదటి మూడు ఎపిసోడ్లలో ఏమీ జరిగినట్టే ఉండదు, పొలం పని, అన్నం తినడం, రైలెక్కడం. మీరు ఓపిక పడితే నాలుగో దానికి మీ ఊపిరి దాని ఊపిరితో కలుస్తుంది.

ఆఫీసే మిమ్మల్ని తినేస్తుంటే 'మిసేంగ్'. ఆదివారం కూడా అదే అలసట ఉంటే, అంటే విసుగు ఆఫీసుది కాదని అనుమానం వస్తుంటే, 'మై లిబరేషన్ నోట్స్'. ఈ రెండో రకం వాళ్ళు ఉద్యోగం మారినా ఏమీ మారదు. నాకు అది ఆలస్యంగా తెలిసింది.

'సెవరెన్స్' గురించి చాలామంది అడుగుతారు. 2022లో మొదలైంది, యాపిల్ టీవీలో ఉంది. ఆఫీసు జ్ఞాపకాలు ఇంట్లో ఉండవు, ఇంటి జ్ఞాపకాలు ఆఫీసులో ఉండవు, మెదడుకి అలా ఆపరేషన్ చేస్తారు. లోపలి హెలీ రాజీనామా చేస్తానంటుంది, బయటి హెలీ ఒప్పుకోదు. రెండూ ఒకే మనిషి! ఐటీ వాళ్ళు దీన్ని తప్పకుండా చూడాలి, కానీ ఆలోచన కోసం. ఓదార్పు కోసమైతే ఇటు రావద్దు.

ఉద్యోగం మానడం, భరించడం అనే రెండు దారులే ఉన్నాయని చాలాకాలం అనుకున్నాను. మూడోది నాకు చూపించింది మన అరకులో తీసిన 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, మలయాళం 'మహేషింటే ప్రతికారం'కి తెలుగు. దర్శకుడు వెంకటేష్ మహా, అంతకుముందు మన కంచరపాలెం మనుషులతోనే 'కేరాఫ్ కంచరపాలెం' తీసినాయన. పగ తీరేదాకా చెప్పులు వేసుకోనన్న మహేష్ గురించే అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆ స్టూడియో ముఖ్యం. మహేష్ తండ్రి నుంచి వచ్చిన ఫొటో స్టూడియో నడుపుతాడు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పెళ్ళి ఫొటోలు, గడ్డం కాస్త పైకెత్తండి. తను ఫొటోగ్రాఫర్ కాదని, ఊరికే బటన్ నొక్కుతున్నాడని ఒకరోజు తెలిసి వస్తుంది. అప్పుడు ఊరొదిలి పోడు. అదే కెమెరాతో, అదే అరకులో, నాన్న దగ్గర మళ్ళీ చూడటం నేర్చుకుంటాడు. రాజీనామా లేదు, పారిపోవడం లేదు, అయినా మనిషి మారాడు. మలయాళంలో ఫహద్ ఫాజిల్ అద్భుతంగా చేశాడు, సినిమా ప్రేమికులు అదే చూడమంటారు. నేను సత్యదేవ్‌దే చెప్తాను. అరకు పొగమంచులో మన యాసలో తండ్రి మాట్లాడుతుంటే కలిగే దగ్గరతనం నాకు మలయాళంలో దొరకలేదు.

ట్యూషన్లు మొదలుపెట్టినప్పుడు నేను చేసింది కూడా అదేనని ఈ సినిమా చూశాకే అర్థమైంది. అదే కెమిస్ట్రీ. కాకపోతే ఇప్పుడు ఎదురుగా మెషిన్ బదులు పిల్లలు.

మా మరిదికి ఆ ఆదివారం ఇవన్నీ చెప్పలేదు. "శనివారం ఇంటికి రా, మామయ్యగారితో కలిసి ఒక సినిమా చూద్దాం" అన్నాను. కురొసావా 'ఇకిరు', 1952, జపాన్ వాళ్ళది. రెండు గంటల ఇరవై మూడు నిమిషాలు, నలుపు తెలుపు. మామయ్యగారు పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవలేరు. అందుకని మా మరిది పక్కన కూర్చుని ప్రతి లైనూ తెలుగులో చెప్తూ వచ్చాడు.

వతనబె నగరపాలక కార్యాలయంలో సెక్షన్ చీఫ్. ముప్ఫై ఏళ్ళు ఒక్కరోజు సెలవు పెట్టలేదు, ఆ ముప్ఫై ఏళ్ళలో ఒక్క పనీ చెయ్యలేదు. కడుపులో క్యాన్సర్ అని తెలిశాక ఆఫీసుకి వెళ్ళడం మానేస్తాడు. అతని కింద పనిచేసే ఒక అమ్మాయి అతన్ని వెతుక్కుంటూ వస్తుంది. "నాన్నా, ఆ పిల్ల ఉద్యోగం మానేస్తోందట. రాజీనామా కాగితం మీద ఈయన ముద్ర పడాలట" అని చెప్తూ మా మరిది ఒక్క క్షణం ఆగాడు. మామయ్యగారు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఆ అమ్మాయి బొమ్మల ఫ్యాక్టరీలో చేరి, కీ ఇస్తే గెంతే కుందేళ్ళు చేస్తుంది. ఆ కుందేలుని చూశాకే వతనబె తిరిగి తన సీటుకి వెళ్తాడు, మానడానికి కాదు, ఒక మురికిగుంటని పిల్లల పార్కు చెయ్యడానికి. మంచు కురుస్తుంటే ఉయ్యాల మీద కూర్చుని పాడుకునే సీను దగ్గర మా మరిది చెప్పడం ఆపేశాడు. అక్కడ చెప్పాల్సింది కూడా ఏమీ లేదు.

సినిమా అయిపోయింది. ఎవరూ లైటు వెయ్యలేదు. కాసేపటికి మామయ్యగారే, "నీ కాగితం ఎప్పుడిస్తున్నావురా?" అన్నారు.

మా మరిది నా వైపు చూశాడు. నేను చెప్పలేదు, తల అడ్డంగా ఊపాను. "నెలరోజుల నుంచి చూస్తున్నాను కదా, అన్నం కెలుకుతున్నావు" అన్నారాయన. లేచి గోడ మీది క్యాలెండర్ నుంచి అయిపోయిన నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి టేబుల్ మీద పరిచారు. పోర్టులో రాసిన రోజుల అలవాటు, స్కేలు పెట్టి మధ్యలో నిలువుగా గీత గీశారు. ఎడమవైపు 'వచ్చేది' అని, కుడివైపు 'పొయ్యేది' అని రాశారు. 'పొయ్యేది' కింద మొదటి వరసలో పాప స్కూలు ఫీజు వేసి, "ఎంత?" అని పెన్ను పట్టుకుని ఆగారు.

మా మరిది కుర్చీ ముందుకి లాక్కున్నాడు.